కట్టని ప్రభకు ఫొటో

పెదకోటయ్యకు చాలా ఏళ్ళ నుంచి ఒక సందేహం ఉంది. ప్రభ మీద కట్టే దీపాలు ఎవరు చూడటానికి?

స్వామి కోసమని అందరూ అంటారు. అడిగితే ఆయనా అదే అంటాడు. కానీ ఏటా శివరాత్రికి తాటిచెట్టును మించిన ఎత్తున కట్టి, బండి మీద తెచ్చిన తంగేడుపాలెం ప్రభను కోటప్పకొండ కింద నిలబెట్టినప్పుడు దాని మొహం జనం వైపు ఉంటుంది, వీపు కొండ వైపు ఉంటుంది. అంటే ఊరు ఊరంతా నెలరోజులు కష్టపడి త్రికోటేశ్వరస్వామికి చూపించేది వెదురు బొంగులూ, వాటికి బిగించిన తాళ్ళూ. పైగా ప్రభకు తీగలు అడ్డం రాకుండా దారి పొడుగునా కరెంటు తీసేస్తారు. ఒక్క దీపాల ప్రభ దాటిపోవటానికి దారిలో ఉన్న పల్లెలన్నీ దీపాలార్పుకుని కూర్చోవాలి. దీన్ని కూడా భక్తి కిందే లెక్క వేయాలా అని ఆయన ఒకసారి పూజారిగారిని అడిగాడు. "నిర్మలమైన మనసు ముఖ్యం నాయనా" అన్నారు పూజారిగారు. మంచి సమాధానమే. ఏ ప్రశ్నకో తెలియలేదు.

ఇంట్లో భార్య రాఘవమ్మను అడిగితే, "మూడు కళ్ళున్నాయనకి నీ బల్బులేం జేసుకోను? నువ్వు ముందు పెరట్లో బల్బు మార్చు. ఏ తేలునో తొక్కేట్టున్నా" అంది.

అలాగని పెదకోటయ్య నాస్తికుడేం కాడు. సోమవారం ఒంటిపూట, కార్తీకంలో కొండకు కాలినడక, ఏ పని మొదలుపెట్టినా ముందు "కోటయ్యా" అన్న మాట. క్వారీ లారీ నడిపినన్నాళ్ళూ స్టీరింగుకు దణ్ణం పెట్టకుండా తాళం తిప్పలేదు. సందేహం వచ్చింది కదా అని దణ్ణం మానలేదు. దణ్ణం పెడుతున్నాను కదా అని సందేహమూ మానలేదు. రెండూ ఒకే ఇంట్లో తోడికోడళ్ళలాగా, పెద్దగా మాట్లాడుకోకుండా సర్దుకుపోతున్నాయి.

ఈ ఏడు ఆ సందేహం నలుగురి మధ్యకూ వచ్చింది. దానికి కారణం ఫ్లెక్సీ.

ప్రభ కమిటీ అధ్యక్షుడు నాగభూషణరావు. నరసరావుపేటలో పురుగుమందుల షాపు, తంగేడుపాలెంలో మేడ, ఎక్కడ కూర్చున్నా అధ్యక్షత. పండగకు ముందే రోడ్డు పొడుగునా ప్రభ ఫ్లెక్సీలు కట్టించటం ఆయన తెచ్చిన ఆచారం. ఏటా కొత్త రకంగా కట్టే ప్రభకు, అది కట్టకముందే ఫొటో ఎక్కణ్ణించి వస్తుంది? పోయినేడు ఫోన్లో దొరికిన ఒక ప్రభ ఫొటో వేయించాడు. అది కాలవ అవతల వేములగుంట వాళ్ళ ప్రభ అని వేములగుంట వాళ్ళే వచ్చి చెప్పారు. చెప్పి ఊరుకోలేదు. ఆ ఫ్లెక్సీ కింద వరసగా నిలబడి ఫొటోలు దిగి, "మా ప్రభకు మీ ఊళ్ళో కూడా స్థలమిచ్చినందుకు ధన్యవాదాలు" అని ఊరందరి ఫోన్లకూ పంపించారు.

"ఈసారి మన ప్రభ బొమ్మే ఉండాల" అన్నాడు నాగభూషణరావు కమిటీలో. "కట్టకముందే కావాల. దీపాలు ఎలిగినట్టే కావాల."

ఆయన తొందరకు ఇంకో కారణం కూడా ఉంది. ఈ ఏడు ప్రభ నడుముకు పైన పెద్ద ఎల్‌ఈడీ బోర్డు పెట్టిస్తున్నాడు. అందులో కాసేపు స్వామి కనపడతాడు, కాసేపు నాగభూషణరావు కనపడతాడు. వాటాలు సమానం.

"మా మంజుల చేసే పని అదే గదా. అడిగితే తీసిపెట్టుద్ది" అన్నాడు పెదకోటయ్య.

మంజుల ఆయన కోడలు. కొడుకు శివనాగరాజు లారీ మీద పిడుగురాళ్ళ సున్నం తోలుతుంటే, ఆమె హైదరాబాదులో ఉన్న ఒక కంపెనీకి ఇంటి నుంచే పనిచేస్తుంది. ఇంకా కట్టని ఆసుపత్రుల్లో, హోటళ్ళలో వెలుగు ఎట్లా పడుతుందో లెక్కగట్టి బొమ్మ తీసి చూపించటం ఆ పని. "మీ కోడలు లేని ఇంట్లో లైటేసుద్దంట గదా వదినా" అని ఊళ్ళో ఆడవాళ్ళు రాఘవమ్మను ఎకసెక్కాలాడేవారు. "జీతం మటుకు ఉన్న ఇంట్లోకే వస్తది" అనేది రాఘవమ్మ.

పెదకోటయ్య కోడలి పేరు ఎత్తటం వెనక ఒక భయం ఉంది. అది ఆయన ఎవరికీ చెప్పలేదు.

ప్రభ కదిలినప్పుడు దానికి ముందు నిలబడి, వెనక్కి వెనక్కి నడుస్తూ, కొన వైపు చూస్తూ కేక పెట్టటం ఆయన పని. కొన కుడికి వాలితే ఎడమ మోకు లాగాలి, ఎడమకు వాలితే కుడి మోకు. మోకులు పట్టినవాళ్ళకు తలెత్తి చూసే తీరిక ఉండదు. ఆయన కేకే వాళ్ళకు చూపు. ఎడమ మోకు మొదట పట్టేది శివనాగరాజు.

పసుప్పచ్చ బల్బులు పోయి నడుము మీద గుత్తులుగా తెల్ల ఎల్‌ఈడీలు వచ్చినప్పటి నుంచి, పొద్దువాలితే ఆయనకు కొన కనపడటం లేదు. వెలుగు కంట్లో కొడుతుంది, పైనంతా పాలు ఒలకబోసినట్టు ఉంటుంది. పోయినేడు కాలవ మలుపు దగ్గర ఏదో కేక పెట్టాడు. ఎందుకు ఆ వైపు పెట్టాడో ఆయనకే తెలియదు. బొంగులు మూలిగాయి, ప్రభ ఆగి ఆగి నిలబడింది. జనం హరహర అన్నారు. ఆయన మాత్రం కొడుకు నెత్తి వైపు చూశాడు. ఇప్పుడు దానికి తోడు ఈ బోర్డు.

చెబితే ఏమవుతుందో ఆయనకు తెలుసు. పెదకోటయ్యకు చూపు మందగించిందని పని ఇంకొకరికి ఇస్తారు. ఆ ఇంకొకరికీ కనపడదు. కనపడటం లేదని తెలిసినవాడు పోయి, తెలియనివాడు వస్తాడు. మోకు మాత్రం శివనాగరాజు చేతిలోనే ఉంటుంది.

మంజుల కమిటీ గదికి వచ్చి కొలతలు రాసుకుంది. ఎత్తెంత, వెడల్పెంత, ఏ వరసలో ఏ దీపాలు. దీపాల వివరాలన్నీ బ్రహ్మం చెప్పాడు. పెళ్ళిళ్ళకూ జాతరలకూ సీరియల్ సెట్లు అద్దెకిచ్చేది అతనే. అన్నీ అయ్యాక మంజుల, "కన్ను ఎక్కడ పెట్టమంటారు?" అంది.

"కన్నేందమ్మా?" అన్నాడు నాగభూషణరావు.

"బొమ్మ ఎవరో ఒకరు చూస్తున్నట్టు తీయాల రావుగారూ. ఆ మనిషి యాడ నిలబడ్డాడో, ఎటు చూస్తున్నాడో ముందు రాయాల. అక్కణ్ణించి లెక్క మొదలవుద్ది. మనం చెప్పకపోతే అది దాని ఇష్టమొచ్చిన కాడ నిలబడి చూసుద్ది."

పెదకోటయ్య తలెత్తాడు. ఇన్నేళ్ళుగా అందరూ దాటేసిన ప్రశ్నను ఒక యంత్రం అందరినీ కూర్చోబెట్టి అడుగుతోంది. సమాధానం చెప్పందే కదలనంటోంది.

కమిటీ చర్చించింది. కొండ కింద వేదిక మీద నుంచి చూసినట్టు తీయాలన్నాడు నాగభూషణరావు. వేదిక మీద ఆయన కూర్చుంటాడు. కాదు, రోడ్డు మీద నుంచి అన్నాడు బ్రహ్మం. రోడ్డు మీద అతని షాపు ఉంది. పడమటి బజారు వాళ్ళు పడమటి నుంచి చూడమన్నారు, తూర్పు బజారు వాళ్ళు తాము బతికుండగా అది జరగదన్నారు. "స్వామి చూసినట్టు తీద్దాం, తగాదా లేదు" అన్నారెవరో. అట్లా తీస్తే బొంగులూ తాళ్ళూ పడతాయని మంజుల చెప్పగానే స్వామి ప్రస్తావన మళ్ళీ రాలేదు.

"నేను నిలబడే కాడ పెట్టండి" అన్నాడు పెదకోటయ్య. "ప్రభకు ముందు, కింద. అది ఏ బజారుదీ గాదు."

నాగభూషణరావు ఆలోచించాడు. "కింద నించి చూస్తే ఎత్తు ఎక్కువ కనపడుద్ది గదా?"

"ఆకాశానికి ఆనినట్టుంటది."

"అయితే అదే రాయమ్మా."

మంజుల మామగారి వైపు ఒక్క క్షణం చూసి రాసుకుంది. ఇంటికి వచ్చాక అడిగింది. "మావయ్యా, ఆడ నించి మీకు కొన కంటికి ఆనట్లా?"

పెదకోటయ్య చొక్కా కొక్కేనికి తగిలిస్తూ, "నీ లెక్క ఏం చెప్పుద్దో చూద్దాం లేమ్మా" అన్నాడు.

ఆమె పనిచేసే సాధనానికి బొమ్మలుండవు, నొక్కే గుర్తులుండవు. నల్లటి తెర మీద ఏం కావాలో అక్షరాల్లో ఒక వరస రాసి పంపాలి. దాని పేరు ఆర్‌పీస్. అది కంటి నుంచి బయలుదేరి, ఒక్కో చుక్కకూ వెలుగు ఎక్కణ్ణించి వచ్చిందో వెనక్కి వెతుక్కుంటూ పోతుంది. బల్బుకు తగిలేదాకా పోతుంది. అన్ని బల్బులున్న ప్రభకు ఒక్క లాప్‌టాప్‌తో కూర్చుంటే శివరాత్రి వచ్చి పోతుందని మంజుల చెప్పింది.

"మరెట్టా?"

"మిరప కోతకు కూలోళ్ళు వరసకొకరు చొప్పున మునుం పట్టరూ? అట్టా. బొమ్మను గళ్ళుగా కోసుద్ది. ఎన్ని ప్రాసెస్‌లు నడిపితే అంతమంది కూలోళ్ళు. ఒక్కోడు ఒక్కో గడి పడతాడు. అయిపోయినోడు తర్వాత గడి తీసుకుంటాడు. ఏ గడి దాకా పట్టారో ఒక చిన్న ఫైల్లో గుర్తుంటది. ఇంకో నాలుగు కంప్యూటర్లుంటే ఒక్క పూటలో అయిపోద్ది."

ఈ సంగతి తెలిసి ఊరు ఉత్సాహపడింది. ప్రభకు వెదురు ఇచ్చినట్టే బొమ్మకు కంప్యూటర్లు ఇవ్వటం కూడా పుణ్యమని తేలింది. నౌషాద్ తన నెట్ సెంటర్లో ఉన్న పాత కంప్యూటర్లన్నీ ఆటోలో వేసుకొచ్చాడు. వాటిలో ఒకదానికి పక్క రేకు లేదు, లోపలి పేగులన్నీ కనపడుతున్నాయి. నాగభూషణరావు షాపు నుంచి కొత్త కంప్యూటరు కారులో, ముందు సీట్లో, బెల్టు పెట్టుకుని వచ్చింది. అన్నిటినీ కమిటీ గదిలో బల్లల మీద వరసగా పెట్టి, ఒకదానికొకటి తీగలు కలిపి, మంజుల పెన్‌డ్రైవ్‌లతో లేపింది.

పంచాంగం చూసి ముహూర్తం పెట్టారు. అంతదాకా ఎవరూ ఏ మీటా నొక్కకూడదు. కొబ్బరికాయ కొట్టారు, అన్నిటికీ బొట్లు పెట్టారు. "మావాటికి కూడా పెట్టండి, కానీ కీబోర్డు మీద వద్దు, అక్షరాలు కనపడవు" అన్నాడు నౌషాద్. ఎంటర్ మీట అధ్యక్షుడు నొక్కాడు. ఏమీ జరగలేదు. ఇంకోసారి నొక్కబోతుంటే మంజుల చెయ్యి అడ్డం పెట్టింది.

"జరుగుతంది రావుగారూ. దానికి చప్పుడుండదు."

గోడకు కట్టిన తెర మీద బొమ్మ గడి గడిగా పడటం మొదలైంది. ఒక మూల కాసిని దీపాలు, ఇంకో మూల చక్రం, ఒకచోట తాడు. జనం బెంచీల మీద కూర్చుని, ఏ గడి ఎవరి కంప్యూటరు చేసిందో అడిగి తెలుసుకుని చప్పట్లు కొడుతున్నారు. బొమ్మ ఎవరికీ అక్కర్లేదు, గడి మాత్రం అందరికీ కావాలి.

"నాది ఏం చేస్తంది?" అన్నాడు నాగభూషణరావు.

"ఆకాశం" అంది మంజుల.

"ఆకాశంలో ఏముంది?"

"ఏం లేదు. చీకటి."

"ఇందాకేం చేసింది?"

"అదీ చీకటే. కొత్తది గదా, గబగబా అయిపోతున్నాయి."

బెంచీల మీద ఎవరో దగ్గారు. ఆ దగ్గు నవ్వులా ఉంది. నాగభూషణరావు వరసలో ఉన్న యంత్రాలన్నిటినీ చూసుకుంటూ పోయి, పక్క రేకు లేనిదాని ముందు ఆగాడు. "ఇదో?"

"అదిప్పుడే బోర్డు గడి పట్టింది. మీ ఫొటో ఉన్న గడి."

"నా మొహాన్ని ఈ డొక్కుది చేస్తందా?"

"ఖాళీ అయినోళ్ళు వరసలో ఉన్నది తీసుకుంటారు. ఎవరిదని అడగరు."

"అడక్కుండా ఎట్టా తీసుకుంటారమ్మా? మొదటి తాంబూలం ఎవురికో అడక్కుండా ఇస్తన్నామా? మొదటి మోకు ఎవురు పట్టాలో అడక్కుండా పడతన్నామా?" అన్నాడాయన. న్యాయమైన ప్రశ్నే. ఆ సాధనం రాసినవాళ్ళు పల్నాడు రాలేదు కాబట్టి వాళ్ళకు ఈ సంగతి తోచి ఉండదు.

మంజుల టీ తాగటానికి ఇవతలికి వచ్చింది. ఆ సందు చూసి నాగభూషణరావు పాత యంత్రం ప్లగ్గు పీకేశాడు. కూలివాణ్ణి లేపేస్తే ఆ మునుం పక్కనున్న తన మనిషికి వస్తుందని ఆయన లెక్క. ఊళ్ళో అన్ని పనులూ అట్లాగే జరుగుతాయి. కానీ గుర్తుల ఫైల్లో ఆ గడి పట్టేసినట్టే ఉంది. పట్టినవాడు చేసుకుంటున్నాడని మిగతావాళ్ళందరూ దాన్ని దాటుకుని ముందుకు పోయారు.

మధ్యాహ్నానికి బొమ్మ పూర్తయింది. నిండా దీపాలతో ప్రభ ఆకాశంలోకి లేచి ఉంది. నడుముకు పైన, నాగభూషణరావు మొహం ఉండాల్సిన చోట, నల్లటి చతురస్రం.

 అందరికీ మజ్జిగ తెచ్చిన రాఘవమ్మ, కుండ కింద పెడుతూ, "మొహం మీద గుడ్డ కప్పారేంది?" అంది.

ప్లగ్గు సంగతి మంజులకు అప్పుడే అర్థమైంది.  "ఇంకో పని మిగిలుంది. అది కూడా చూడండి" అంది. "ఇది కెమెరా చూసినట్టు వచ్చిన బొమ్మ. మనిషి కన్ను వేరు. ఎదురుగా వెలుగు కొడితే పక్కనున్నది ఆనదు గదా. ఆ లెక్క వేసే కమాండు ఇంకోటుంది." నల్ల తెర మీద ఇంకో వరస రాసింది.

కంటికి ఆనే బొమ్మ వచ్చింది. పెదకోటయ్య బెంచీ మీద నుంచి లేచి దగ్గరకు వెళ్ళాడు. నల్ల గడికి పైన, ప్రభ కొన, దాని మీద చిన్న జెండా. స్పష్టంగా ఉన్నాయి. అంచులు కూడా తెలుస్తున్నాయి.

ఆయన ఇంకాస్త ముందుకు వంగి మళ్ళీ చూశాడు. అంటే మామూలు మనిషికి కనపడుతుందన్నమాట. కనపడనిది తనకే. ఇన్నాళ్ళూ దీపాలనూ, బోర్డునూ మనసులో తిట్టుకున్నాడు. తప్పుకోవాల్సింది దీపాలు కాదు, తాను. ఎట్లా చెప్పాలా అని మాటలు వెతుక్కుంటున్నాడు. పెళ్ళాం ముందు, కోడలి ముందు, ఏటేటా తన కేక విని మోకు లాగిన వాళ్ళందరి ముందు.

"సంగతేందంటే" అని మొదలుపెట్టాడు.

"ఆగు పెదకోటయ్యా" అన్నాడు నాగభూషణరావు. ఆయన బాధ ఆయనది. ముహూర్తం పెట్టి చేసిన పనిలో తన మొహం నల్లగా రావటం అశుభం. "ఆ గడి మళ్ళీ చేయించమ్మా. నా కంప్యూటరు మీద. అది ఒక్కటే చెయ్యాల, మిగతావి ఆపేసెయ్."

"తప్పిపోయిన గళ్ళు ఏరుకుని మళ్ళీ చేసే పద్ధతి ఉందిలెండి" అంది మంజుల. ఒక అక్షరం మార్చి వరస మళ్ళీ పంపింది. ఈసారి సకల మర్యాదలతో, ఇంకో కొబ్బరికాయతో, అధ్యక్షుడి కంప్యూటరు అధ్యక్షుడి మొహాన్ని చేసింది. గడి నిండింది. తెల్లగా, ధగధగా, నాగభూషణరావు నవ్వుతున్నాడు. చప్పట్లు మోగాయి. మంజుల కంటి కమాండు మళ్ళీ నడిపింది.

చప్పట్లు ఒక్కొక్కటిగా ఆగిపోయాయి.

మొహం ఉంది. మొహం చుట్టూ తెల్లటి మంచు ఉంది. ఆ మంచు పైకి పాకి, ప్రభ మెడను కప్పి, ఆ పైన ఇంకేమీ మిగల్లేదు.

"కొన ఏదమ్మా?" అన్నాడు బ్రహ్మం.

"ఉందన్నయ్యా. కంటికి ఆనదు, అంతే."

"ఇందాక కనపడిందిగా?"

"ఇందాక రావుగారి గడి లేదు. నడుము మీది తెల్ల దీపాల గుత్తులూ, బోర్డూ ఆ గడిలోనే ఉన్నాయి, ఎలుగు అందులో నించే వస్తంది."

"కంప్యూటరు తప్పు చెప్తంది" అన్నాడు నాగభూషణరావు.

"మీ కంప్యూటరే రావుగారూ" అన్నాడు నౌషాద్, ఎంతో వినయంగా.

ఆయన ఒప్పుకోలేదు. కంటి కమాండు వేయకముందున్న బొమ్మ చూపించమన్నాడు. చూపిస్తే అందులో కొన ఉంది. "అదిగో ఉంది గదా!" అన్నాడు.

"అది కెమెరాకు. ప్రభ కింద నిలబడి కేకేసేది కెమెరా గాదు, మావయ్య."

బ్రహ్మం తల గోక్కున్నాడు. కుడి మోకు మొదట పట్టేది అతనే. "పోయినేడు మలుపు కాడ నేనూ ఒకసారి తలెత్తి చూశా. నాకేం కనపడలా. బాబాయ్ కేక పెడతన్నాడు గదా, ఆయనకు కనపడుద్దిలే అని లాగా."

పెదకోటయ్య అతని వైపు తిరిగాడు. "మీరు లాగుతున్నారు గదా, మీకు తెలుసుద్దిలే అని నేను కేక పెట్టానురా."

గదిలో ఎవరికీ నవ్వు రాలేదు. ఇంతమంది మనుషులు రెండు మోకులు పట్టుకుని, పక్కవాడికి కనపడుతుందన్న నమ్మకం మీద అంత ప్రభను కొండదాకా తీసుకుపోయారు. అంత నమ్మకం స్వామి మీద పెట్టి ఉంటే మోక్షం వచ్చేది.

"అయితే బోర్డు తీసెయ్యమంటారు, అంతేగా" అన్నాడు నాగభూషణరావు. గొంతులో అధ్యక్షత కాస్త తగ్గింది గానీ పోలేదు. "లక్షణంగా డబ్బు పోసి తెప్పించా. తీసి ఏం జేసుకోను, ఇంట్లో పెట్టుకుని చూసుకోనా?"

ప్రభ కూలితే ఏమవుతుందో మంజుల చెప్పబోయింది. రాఘవమ్మ కోడలి చేతి మీద చెయ్యి వేసి ఆపింది. ఆమె నాగభూషణరావును చడ్డీ తొడుక్కునే రోజుల నుంచి ఎరుగును.

"తీసెయ్యమని ఎవురన్నారు భూషణం? అంత పైన పెడితే నీ మొహం ఎవురు చూస్తారని నేనంటున్నా. మెడలు పట్టేస్తాయి. కిందికి దింపి, బండికి ఎనకమాల కట్టించుకో."

"ఎనకమాలా?"

"మన ఎనక వచ్చేది ఎవురి ప్రభ? వేములగుంటోళ్ళదేగా. దారి పొడుగునా, కొండదాకా, వాళ్ళు నీ మొహమే చూసుకుంటా రావాల. తప్పుకోను సందుండదు."

నాగభూషణరావు ఆ దృశ్యాన్ని ఊహించుకున్నాడు. ఆయన మొహంలో బోర్డులో కన్నా మంచి నవ్వు వచ్చింది.

"రాఘవమ్మక్క చెప్పింది సబబుగానే ఉంది" అన్నాడు. "అదీగాక భద్రత కూడా చూసుకోవాల గదా." ఆ భద్రత మాట తరవాత ఫ్లెక్సీ మీద ఆయన పేరు కింద అచ్చయింది.

బండి వెనక పెద్ద బోర్డు పట్టలేదు, చిన్నది పెట్టారు. ప్రభ ముందు వైపు తెల్లవి తీసేసి, బ్రహ్మం అటక మీద పడేసిన పాత పసుప్పచ్చ బల్బులు దుమ్ము దులిపి కట్టారు. మంజుల ఇంకోసారి బొమ్మ తీసింది. కంటి కమాండు నడిపినా కొన నిలబడింది. పెదకోటయ్య ఆ రోజు ఒంటిపూట కాకపోయినా రాత్రి అన్నం తినలేదు, ఆకలి గుర్తు రాలేదు.

శివరాత్రి నాడు ప్రభ కదిలింది. దారిలో కరెంటు తీసేశారు, పల్లెలు చీకట్లో కూర్చున్నాయి, ఆ విషయంలో మార్పేమీ రాలేదు. కాలవ మలుపు దగ్గర కొన కుడికి వాలింది. పెదకోటయ్య దాన్ని చూశాడు. "ఎడం మోకు" అని కేక పెట్టాడు. శివనాగరాజు వెనక్కి వాలి లాగాడు, కొన మెల్లగా మధ్యకు వచ్చింది. ఆయన మళ్ళీ వెనక్కి నడిచాడు. గుండె దడదడలాడకుండా ఆ మలుపు దాటటం ఈ మధ్య ఇదే మొదలు.

చీకటి బాగా ముదరకముందే కొండ కిందకు చేరారు. ప్రభను నిలబెట్టి చక్రాలకు రాళ్ళు పెట్టారు. కొండ మీది గుడి దీపాల వైపు తిరిగి పెదకోటయ్య దణ్ణం పెట్టుకుంటుంటే బ్రహ్మం వచ్చి మెల్లగా అన్నాడు. "బాబాయ్, ఒక డబ్బా మిగిలింది."

"ఏం డబ్బా?"

"డీజిలు. జనరేటరు సగమే తాగింది. బోర్డు చిన్నదీ, బల్బులు పాతవీ గదా."

ఇద్దరూ ఆ డబ్బా వైపు చూశారు. ఇద్దరికీ ఒకే సంగతి గుర్తొచ్చింది, కానీ అది పైకి అనుకునే సంగతి కాదు. కరోనాకు ముందు ఒక ఏడు, తంగేడుపాలెం జనరేటరు దారి మధ్యలో డీజిలు లేక ఆగిపోయింది. ప్రభ చీకట్లో బొంగుల కుప్పలా నిలబడింది. వెనకొస్తున్న వేములగుంట ప్రభ జనరేటరు నడిపే ఇలియాస్, ఎవరూ అడక్కుండానే ఒక డబ్బా డీజిలు తెచ్చి ఇచ్చి వెళ్ళిపోయాడు. తిరిగి ఇద్దామని పెదకోటయ్య కమిటీలో అన్నాడు. ఇస్తే తీసుకున్నట్టు ఒప్పుకున్నట్టవుతుందని కమిటీ తీర్మానించింది. తన చేతి నుంచి కొనిద్దామంటే, ఊరి పరువు సొంతంగా అమ్మటానికి నువ్వెవరన్నారు. మిగిలితే ఇద్దాంలే అనుకున్నారు. దీపాలు ఏటికేడు పెరుగుతుంటే ఏ ఏడు మిగిలింది గనక?

ఇప్పుడు మిగిలింది.

"రావుగారిని అడుగుదామా?" అన్నాడు బ్రహ్మం.

నాగభూషణరావు బండి వెనక నిలబడి, వేములగుంట వాళ్ళు తన మొహం చూస్తున్నారో లేదో చూసుకుంటున్నాడు.

"ఆయన పనిలో ఉన్నాడు. కదిలించొద్దు" అని పెదకోటయ్య డబ్బా అందుకున్నాడు. జనంలో పక్కకు ఒత్తిగిలి, రెండు ప్రభల మధ్య సందులోంచి వేములగుంట జనరేటరు దగ్గరకు నడిచాడు. ఇలియాస్ మీటరు వైపు చూస్తూ కూర్చుని ఉన్నాడు.

"ఏంది బాబాయ్ ఇట్టొచ్చావ్?"

పెదకోటయ్య డబ్బా అతని కాళ్ళ దగ్గర పెట్టాడు. ఇలియాస్ మూత తీసి వాసన చూశాడు. కాసేపటికి అతనికి అర్థమైంది.

"అయితే ఆ డబ్బా ఇది గాదే."

"దాంట్లో మా ఇంట్లోది కందులు పోసుకుంది."

"మంచిదే" అన్నాడు ఇలియాస్. గరాటు తీసి ట్యాంకుకు ఆనించాడు. "పట్టుకో బాబాయ్, లేకపోతే ఒలికిపోద్ది."

 పెదకోటయ్య గరాటు రెండు చేతులా పట్టుకున్నాడు. డీజిలు చివరి చుక్క దాకా దిగింది. ఇలియాస్ ఖాళీ డబ్బా విదిలించి, మూత బిగించి, ఆయన చేతికి తిరిగి ఇచ్చాడు.